పుట్టు వెంట్రుకల దాకా ఆగకండి



కోటప్పకొండ మీద తలనీలాలు తీసేచోట కాసేపు కూర్చుంటే మనుషుల తలలు ఎన్ని తీరుల్లో ఉంటాయో తెలుస్తుంది. జుట్టు ఉన్నంతసేపూ అందరివీ గుండ్రంగానే అనిపిస్తాయి. కత్తి నాలుగు గీతలు గీశాక అసలు తల బయటపడుతుంది. ఒకరిది కోలగా ఉంటుంది, ఒకరిది వెనక బల్లపరుపుగా ఉంటుంది, ఇంకొకరిది ఓ పక్క నొక్కినట్టు ఉంటుంది. పెద్దవాళ్ళ తలల్ని ఎవరూ పట్టించుకోరు. గొడవంతా ఏడాది పిల్లల దగ్గరే. గుండు మీద చందనం రాస్తున్న తల్లి చెయ్యి ఒకచోట ఆగిపోతుంది. "ఏందత్తా, ఇక్కడ ఇట్టా సొట్టగా ఉంది?" అంటుంది. అత్తగారు తడిమి చూసి, "ఏం కాదులే, జుట్టొస్తే కప్పుకుపోద్ది" అంటుంది. అంతటితో ఆ సంగతి ముగుస్తుంది.

పల్నాడులో పుట్టినవాళ్ళకి మొక్కంటే ఆ కొండ మీది కోటయ్యే. నరసరావుపేటలో ఏ వీధిలోనైనా నిలబడి "కోటీ" అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. బిడ్డకి తొమ్మిదో నెలలోనో, పదకొండో నెలలోనో, అప్పుడు కుదరకపోతే మూడో ఏటో కొండకి తెచ్చి పుట్టు వెంట్రుకలు ఇవ్వడం మా ఆచారం. ఆచారంతో నాకు పేచీ లేదు. మా పాపవీ ఇక్కడే ఇచ్చాం. నా మాటంతా ఆ ముహూర్తం గురించే. పసిపిల్లల పుర్రె తేలిగ్గా మారే కాలం మొదటి ఆరేడు నెలలు. మనం తల సరిగ్గా చూసుకునేది తొమ్మిదో నెల దాటాక. ఈ రెంటికీ మధ్య పోయిన కాలం మళ్ళీ రాదు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పుర్రె బొమ్మ బోర్డు మీద గీసి ఎముకల పేర్లు పిల్లలచేత అప్పజెప్పించడం నా ఉద్యోగం. అయినా మా పాప తల సంగతి ముందు కనిపెట్టింది మా అత్తయ్య. పాప నెలపైన ముందే పుట్టింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికొచ్చాక నీళ్ళు పోసే పని అత్తయ్య తీసుకుంది. కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, పిల్లని కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టేది. మూడో నెల నడుస్తుండగా ఒకరోజు పిలిచి, "అమ్మాయ్, ఇది ఎప్పుడు చూసినా కుడేపే చూస్తంది. నేను ఎడమేపు తిప్పితే ఏడుస్తంది. తల కూడా ఆ పక్కే అణిగిపోతంది, చూడు" అంది. పైనుంచి చూశాను. తల వెనక కుడిపక్క చదునుగా ఉంది. కుడి చెవి ఎడమ చెవికన్నా ముందుకి జరిగింది. కుడి కనుబొమ మీద నుదురు కాస్త ఉబ్బెత్తుగా ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే ఇదేమీ కనపడదు. పైనుంచి చూడాలి. మన ఇళ్ళలో పసిపిల్ల తలని రోజూ పైనుంచి చూసేది నీళ్ళు పోసే మనిషే.

ఎందుకిలా జరుగుతుందో కొంచెం చెప్పుకుందాం. పుట్టినప్పుడు పుర్రె ఒకే ఎముకగా ఉండదు. విడివిడి పలకలుగా ఉంటుంది. పలకల మధ్య మెత్తటి అతుకులు ఉంటాయి. అవి కలిసేచోట నడినెత్తిన కొట్టుకుంటూ కనిపించే మెత్తటి జాగానే మనం మాడు అంటాం. వెనకవైపు ఇంకో చిన్న మాడు ఉంటుంది. అది రెండు మూడు నెలలకే మూసుకుంటుంది. ముందున్న పెద్ద మాడు ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పూడుతుంది. లోపల మెదడు పెరుగుతుంటే పలకలు దానికి దారిస్తాయి. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలల్లో నెలకి సుమారు 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలల్లో నెలకి ఒకటి, ఆపైన నెలకి అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఏడాది నిండేసరికి 46 దగ్గరికి వస్తుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి. తల ఆకారం సరిచేయడానికి పెట్టే హెల్మెట్ కథంతా దీని మీదే నడుస్తుంది.

పెరిగే తలని ఒకేవైపు పక్కకి ఆనిస్తే ఆ పక్క పెరగడానికి చోటుండదు. మెదడు చోటున్న వైపుకి పెరుగుతుంది. ఆనిన పక్క చదునవుతుంది. చదునైన పక్కకే తల మళ్ళీ ఒరుగుతుంది, ఇంకా చదునవుతుంది. నెలలు తక్కువగా పుట్టినవాళ్ళలో, కవలల్లో, కడుపులోనో కాన్పులోనో మెడ కండరం పట్టేసిన పిల్లల్లో ఇది ఎక్కువ. మా పాపకి ఎడమపక్క మెడ కండరం బిగుసుకుని ఉందని పిల్లల డాక్టరు వేళ్ళతో తడిమి చెప్పారు. ఎడమ కండరం బిగిస్తే గడ్డం కుడివైపుకి తిరుగుతుందట. అత్తయ్య చూసింది సరిగ్గా అదే.

"మా రోజుల్లో ఇట్టాంటియ్యి ఉన్నయ్యా?" అని మా ఇంటికొచ్చిన పెద్దవాళ్ళంతా అడిగారు. ఉన్నాయి, కొంచెం తక్కువగా. ఎందుకు తక్కువో తెలుసుకుంటే మంచిది. 1992లో అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం ఒక సలహా ఇచ్చింది. పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టకండి, ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే చనిపోతున్న పిల్లల్లో బోర్లా పడుకున్నవాళ్ళు ఎక్కువగా ఉన్నారు అని. 1994లో అక్కడి ప్రభుత్వం 'బ్యాక్ టు స్లీప్' అని పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. కొన్నేళ్ళలోనే ఆ చావులు సగానికి పైగా తగ్గాయి. ఎంతోమంది పిల్లలు బతికారు. దాంతోపాటు వెనక తల చదునైన పిల్లలు ఆసుపత్రులకి రావడం పెరిగింది. కెనడాలోని కాల్గరీలో ఏడు నుంచి పన్నెండు వారాల పిల్లల్ని 440 మందిని పరీక్షిస్తే 46.6 శాతం మందిలో ఎంతో కొంత సొట్ట ఉందని 2013లో ప్రకటించారు. దాదాపు సగం మంది. అంటే ఇది జబ్బు అనడానికి కూడా లేదు, అంత మామూలు విషయం.

ఇది విని ఎవరైనా రేపటినుంచి బిడ్డని బోర్లా పడుకోబెడతారేమోనని నాకు భయం. ఆ పని చేయకండి. సొట్ట తలతో పెరగొచ్చు. నిద్రలో ఊపిరాడకపోతే పెరగడమే ఉండదు. నిద్రలో వెల్లకిలానే ఉంచాలి. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి బోర్లా వేయాలి. మొదట్లో మూడు నాలుగు నిమిషాలు చాలు. రెండు నెలలొచ్చేసరికి రోజు మొత్తం మీద అరగంటకి తేవాలి. మంచం మీద కన్నా అమ్మ గుండె మీద, నాయనమ్మ ఒడిలో అడ్డంగా వేసుకుంటే పిల్లలు గోల పెట్టరు. పాతకాలపు ఇంట్లో బిడ్డ పక్క మీద ఉండేదే తక్కువ. ఒకరి భుజం నుంచి ఇంకొకరి భుజానికి మారేది. ఇప్పుడు ఇద్దరే ఉన్న ఫ్లాట్లలో పిల్ల ఎక్కువసేపు పరుపు మీదే ఉంటుంది. పెద్దవాళ్ళు అన్న "మా రోజుల" రహస్యంలో ఇదీ ఒకటి.

మా డాక్టరు ముందు హెల్మెట్ ఊసే ఎత్తలేదు. మెడ సంగతి చూడమన్నారు. ఫిజియోథెరపీ ఆవిడ వ్యాయామాలు నేర్పింది. పాప గడ్డాన్ని మెల్లగా ఎడమ భుజం వైపుకి తీసుకెళ్ళి కాసేపు పట్టుకోవాలి, పాలిచ్చేటప్పుడు కూడా ఎడమకి తిరిగేలా ఒడి మార్చాలి. పాప పక్కని మేం తలకిందులుగా మార్చాం. వీధి గుమ్మం, అందులోంచి వచ్చిపోయే మనుషులు ఎడమవైపుకి వచ్చేట్టు. పిల్లలు వెలుతురు వైపూ సందడి వైపూ చూస్తారు. ఖర్చు లేని వైద్యం ఇది. చాలామంది పిల్లలకి ఇదే సరిపోతుంది. న్యూజిలాండులో 200 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ వరకూ చూస్తూ వచ్చారు. నాలుగో నెలలో వందకి ఇరవై మందిలో తల ఆకారం తేడాగా ఉంది. రెండేళ్ళు వచ్చేసరికి అది వందకి మూడుకి పడిపోయింది. 2004లో అచ్చయిన లెక్క ఇది. ఏ హెల్మెట్ దుకాణం గోడ మీదా ఈ లెక్క రాయరు.

మెడ బాగానే వదులైంది. తల మాత్రం అనుకున్నంత మారలేదు. ఐదో నెలలో తల మీద ఐమూలగా రెండు కొలతలు తీశారు. ఎడమ నుదుటి నుంచి కుడి వెనక్కి ఒకటి, కుడి నుదుటి నుంచి ఎడమ వెనక్కి ఒకటి. గుండ్రటి తలలో రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. మా పాపకి సెంటీమీటరు పైనే తేడా. అప్పుడు హైదరాబాదు వెళ్ళి పిల్లల న్యూరోసర్జన్‌కి చూపించమన్నారు.

ఆయన ముందు చూసింది సొట్ట కాదు, అతుకులు. రెండు వేల నుంచి రెండున్నర వేల మందిలో ఒక బిడ్డకి పుర్రె అతుకు ఏదో ఒకటి పుట్టకముందే, లేదా పుట్టిన కొత్తల్లో, ఎముకగా గట్టిపడిపోతుంది. అప్పుడు కూడా తల వంకరవుతుంది. కానీ అది పక్క మీద ఆనడంవల్ల వచ్చింది కాదు. దానికి వ్యాయామం పనికిరాదు, ఆపరేషన్ కావాలి. ఆలస్యమైతే మెదడు పెరగడానికి చోటు చాలదు. అతుకు వెంబడి గట్టిగా గట్టులా తగలడం, మాడు మరీ తొందరగా మూసుకోవడం, చుట్టుకొలత పెరగకపోవడం దాని గుర్తులు. ఆనడంవల్ల వచ్చే సొట్టలో చదునైన పక్క చెవి ముందుకి జరుగుతుంది. వెనక అతుకు మూసుకుపోతే చెవి సాధారణంగా వెనక్కి లాగినట్టుంటుంది. ఇలాంటివి చేత్తో తడిమీ కంటితో చూసీ అలవాటైన డాక్టరు చాలావరకు చెప్పేస్తారు. తల విషయంలో డాక్టరు దగ్గరికి వెళ్ళి తీరాల్సింది ముందు ఈ తేడా తేల్చుకోవడానికి. అందం తర్వాత సంగతి.

మా పాపకి అతుకులు బాగున్నాయి. "మెదడుకి ఏ భయమూ లేదు. హెల్మెట్ పెట్టినా పెట్టకపోయినా మీ అమ్మాయి చదువుకి ఏమీ కాదు. ఆకారం కోసమే ఇది. మీ ఇష్టం" అన్నారాయన. మీ ఇష్టం అన్న మాటకన్నా బరువైన మాట ఆసుపత్రిలో ఇంకోటి ఉండదు. ఇంటికొచ్చి నేనూ మా ఆయనా కొట్టుకున్నంత పని చేశాం. మా ఆయన వద్దన్నారు. మా అమ్మ వద్దంది. ఒక బంధువు, "ఆడపిల్లేగా, రెండు జడలేస్తే ఎవరికి కనపడతదమ్మా?" అన్నాడు. మగపిల్లాడైతే ఏమనేవారో నేను అడగలేదు. హెల్మెట్ ఖర్చు లక్ష దాటింది. ఆరోగ్య బీమావాళ్ళు ఇది అందం కోసం చేయించుకునేది అని కాగితం తిప్పి పంపారు. అత్తయ్య ఒక్కతే, "పెట్టించండి. రేపు కళ్ళజోడు పెట్టుకుంటే వంకరగా కూర్చుంటది" అంది. ఆవిడకి ఆ ఆలోచన ఎలా వచ్చిందో కానీ, చెవులు సమానంగా లేకపోతే కళ్ళజోడు వంకరగా కూర్చునే మాట నిజమే.

ఈ హెల్మెట్ కొత్తదేమీ కాదు. 1979లో సియాటిల్ నగరంలో స్టెర్లింగ్ క్లారెన్ అనే పిల్లల వైద్యుడు, తోటి డాక్టర్లతో కలిసి, మెడ పట్టేసి తల వంకరైన పిల్లలకి దీన్ని వాడిన సంగతి వైద్యపత్రికలో రాశాడు. వెల్లకిలా పడుకోబెట్టే ప్రచారానికి చాలా ముందు మాట. 1998లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని వైద్య పరికరాల జాబితాలో చేర్చి నియమాలు పెట్టింది. మన దేశంలో పోలియో కాళ్ళకి కాలిపర్లు, తెగిన కాళ్ళకి కృత్రిమ కాళ్ళు చేసే నిపుణులు ఉంటారు చూడండి, ఇది చేసేదీ వాళ్ళ విద్యలోని వాళ్ళే. ఆర్థోటిస్ట్ అంటారు.

పాప తలకి పల్చటి మేజోడులాంటి టోపీ తొడిగి చుట్టూ స్కానర్ తిప్పారు. ఒకప్పుడు ప్లాస్టర్ చుట్టి అచ్చు తీసేవారట. ఆ బొమ్మని కంప్యూటర్లో సరిదిద్ది, తల ఎలా ఉండాలో ఆ ఆకారంలో హెల్మెట్ చేస్తారు. పైన గట్టి ప్లాస్టిక్, లోపల మెత్తటి నురుగు పొర, పక్కన పట్టీ. కోడిగుడ్లు నాలుగు కలిపితే ఎంతో, బరువు అంత. చాలామంది ఇది తలని నొక్కుతుందనుకుంటారు. పొట్లకాయ కొసకి రాయి కట్టినట్టు ఇదేమీ లాగదు, నొక్కదు. ఉబ్బెత్తుగా ఉన్నచోట తలని ఆనుకుని ఊరుకుంటుంది. చదునైనచోట లోపల ఖాళీ వదులుతుంది. తల ఎలాగూ పెరుగుతుంది కాబట్టి ఆ ఖాళీలోకి పెరుగుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఐదో నెలలో నెలకి సెంటీమీటరు పెరిగే తల, పదో నెలలో అందులో సగమే పెరుగుతుంది. ఏడాది దాటాక పెరిగేది చాలా తక్కువ. పెరుగుదల లేనిచోట హెల్మెట్ వట్టి టోపీ. అందుకే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మొదలుపెడితే ఫలితం బాగుంటుందంటారు.

రోజుకి ఇరవై మూడు గంటలు పెట్టాలి. స్నానానికి ఒక గంట సెలవు. మొదటి వారం గంట, రెండు గంటలు అలవాటు చేస్తూ పెంచారు. పాప రెండు రాత్రులు ఏడ్చింది. తర్వాత అది తన తలలో భాగమే అనుకుంది. ఇబ్బంది పడింది మేమే. ఎత్తుకుంటే గడ్డానికి తగిలేది. బుగ్గకి బుగ్గ ఆనించే వీల్లేదు. తలకి నూనె పెట్టకూడదు, నురుగు పాడవుతుంది. అత్తయ్యకి అన్నిటికన్నా కష్టం అక్కడే వచ్చింది. మాడుకి ఆముదం పెట్టకుండా పసిపిల్లని పెంచడం ఆవిడ ఎక్కడా చూడలేదు. కొన్నాళ్ళు అలిగి, చివరికి ఆ నూనె అరికాళ్ళకి రాసి తృప్తిపడింది. హెల్మెట్ మీద కాటుకతో దిష్టిచుక్క మాత్రం పెట్టింది. అది తుడవొద్దని నాకు ఆర్డరు.

శివరాత్రి ముందు పాపని తీసుకుని కొండ దగ్గర మా బంధువుల ఊరు వెళ్ళాం. ఊళ్ళో ప్రభ కడుతున్నారు. కోటప్పకొండ తిరునాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అంతెత్తు ప్రభలు కదిలి వస్తాయని మీకు తెలుసు. వెదుళ్ళు కట్టేవాళ్ళంతా ప్రభని వదిలేసి మా పాపని చూశారు. "తలకి దెబ్బ తగిలిందా అమ్మా?" "ఆపరేషన్ అయ్యిందా?" "బండి మీంచి పడతదనా?" ఒక పెద్దాయన దగ్గరికొచ్చి వేలితో టకటకా కొట్టి చూసి, "గట్టిదే" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. పేట రోడ్ల మీద మగాళ్ళలో సగంమంది పెట్టుకోని హెల్మెట్ మా పిల్ల పెట్టుకుందని మా ఆయన అందరికీ చెప్పుకుని నవ్వారు. హెల్మెట్ వద్దన్న మనిషే ఆయన. నేను మొదట్లో అందరికీ ఓపిగ్గా పుర్రె పలకల దగ్గర్నుంచి చెప్పేదాన్ని. తర్వాత "తల సొట్టగా ఉంటే సరిచేయడానికి" అని ఒక్క ముక్కలో చెప్పడం నేర్చుకున్నాను. అలా చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒక తల్లి తన బిడ్డ తల తడిమి చూసుకునేది.

తర్వాత ఎండలు వచ్చాయి. రెంటచింతల మా జిల్లాలోదే. రాష్ట్రంలో ఎండ లెక్క చెప్పేటప్పుడు రేడియోలో తరచూ వినపడే పేరు అది. మే నెలలో పల్నాడులో పసిపిల్ల తలకి ఇరవై మూడు గంటలు ప్లాస్టిక్ డిప్ప పెట్టమని రాసిన పుస్తకం చలిదేశాల్లో రాసింది అయ్యుండాలి. తల చెమటతో నానిపోయేది. హెల్మెట్ లోపల పులిసిన వాసన. రోజూ స్నానమప్పుడు లోపల స్పిరిట్‌తో తుడిచి ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టాలి. తడిగా తొడిగితే చర్మం పాడవుతుంది. తీసిన ప్రతిసారీ తల చూడాలి. ఎరుపు గంటలోపు పోతే పరవాలేదు. పోకపోతే ఆర్థోటిస్ట్‌కి చూపించి ఆ చోట నురుగు చెక్కించాలి. పాపకి చెమటకాయలు పేలినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు వాళ్ళనడిగి తీసి ఉంచాం. పగలు కూలర్ ముందు, మధ్యాహ్నం బయటికి రాకుండా నెట్టుకొచ్చాం. ఇల్లు రేకులదైతే, కరెంటు సరిగ్గా లేకపోతే ఈ ఎండాకాలం హెల్మెట్ జరిగే పని కాదని నాకు ఆ నెలలోనే అర్థమైంది. సలహా ఇచ్చే డాక్టర్లు ఇది కూడా అడగాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పనిచేసిందా? పదో నెలలో హెల్మెట్ తీసేసేటప్పటికి ఐమూల కొలతల తేడా సగానికి తగ్గింది. చెవులు దాదాపు ఒక వరసకి వచ్చాయి. ఒప్పుకోవాల్సిన మాట ఇంకోటి ఉంది. అందులో హెల్మెట్ వాటా ఎంత, మెడ వ్యాయామం వాటా ఎంత, కూర్చోవడం వచ్చి తల పక్క మీంచి లేచినందువల్ల వచ్చింది ఎంత, ఒక్క పిల్లని చూసి ఎవరూ విడదీయలేరు. విడదీయాలంటే చాలామంది పిల్లల్ని రెండు జట్లు చేసి చూడాలి. నెదర్లాండ్స్‌లో ఆ పని చేశారు. ఐదారు నెలల వయసున్న 84 మందిని చీటీలు తీసినట్టు రెండుగా విడదీసి, ఒక జట్టుకి హెల్మెట్ పెట్టారు, రెండో జట్టుని ఊరికే వదిలారు. రెండేళ్ళ వయసులో కొలిచి చూస్తే రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పూర్తిగా సరైనవాళ్ళు హెల్మెట్ జట్టులో 26 శాతం, ఊరికే ఉన్న జట్టులో 23 శాతం. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది వచ్చింది. చెమట, వాసన, చర్మం ఎర్రబడడం లాంటి ఇబ్బందులు హెల్మెట్ పెట్టిన తల్లిదండ్రులందరూ చెప్పారు. చలిదేశంలోనే అందరూ చెప్పారంటే మన సంగతి వేరే చెప్పాలా?

అయితే ఆ పరిశోధనలో మెడ పట్టేసిన పిల్లలు లేరు, బాగా నెలలు తక్కువగా పుట్టినవాళ్ళు లేరు, మరీ ఎక్కువ సొట్ట ఉన్నవాళ్ళు లేరు. వాళ్ళని ముందే పక్కన పెట్టారు. మా పాప మొదటి రెండు రకాల్లోనూ ఉంది. 2016లో అమెరికా నాడీశస్త్రవైద్యుల సంఘం అందుబాటులో ఉన్న పరిశోధనలన్నీ చూసి, పక్క మార్చడం, ఫిజియోథెరపీ చేశాక కూడా మధ్యరకం నుంచి తీవ్రమైన సొట్ట మిగిలితే హెల్మెట్ సిఫారసు చేయవచ్చని చెప్పింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. సొట్ట కొద్దిగా ఉండి, మెడ బాగా తిరుగుతున్న బిడ్డకి లక్ష రూపాయల హెల్మెట్ అనవసరం. మెడ పట్టేసి, వ్యాయామం చేశాక కూడా ఐదో నెలలో సొట్ట ఎక్కువగా ఉన్న బిడ్డకి ఆలోచించవచ్చు. మళ్ళీ మాకు అదే పరిస్థితి వస్తే పెట్టిస్తాను. పక్కింటి పిల్లకి కొద్దిపాటి సొట్ట ఉందని వాళ్ళమ్మ నన్నడిగితే, డాక్టరుకి ఒకసారి చూపించి ఊరుకోమంటాను. అడిగింది మూడో నెలలో అయితే పక్క మార్చమంటాను. పెట్టించుకోలేనివాళ్ళు బిడ్డకి ఏదో అన్యాయం చేశామని కుమిలిపోవాల్సిన పనైతే లేనే లేదు.

దిండ్ల గురించి రెండు మాటలు. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు పెట్టడం మన ఇళ్ళలో ఉంది. నడుమ గుంట ఉన్న దిండ్లు ఇప్పుడు ఆన్‌లైన్లో కుప్పలుగా అమ్ముతున్నారు. 2022 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి తల సరిచేసే దిండ్లు పసిపిల్లలకి వాడొద్దని హెచ్చరించింది. ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది, ఉపయోగం ఉందన్న రుజువు లేదు. బారసాలకి వెళ్తూ అలాంటి దిండు కానుకగా కొనకండి. తల వత్తితే గుండ్రమవుతుందని గట్టిగా వత్తేవాళ్ళు కూడా ఉన్నారు. మెల్లగా నూనె రాస్తే నష్టం లేదు. రోజులో ఐదు నిమిషాలు వత్తిన చెయ్యి, గంటల తరబడి ఒకేవైపు ఆనిన పక్కని గెలవలేదు. వత్తడం మానేసి ఆ పక్కని తిప్పండి.

మన దగ్గర ఒక మంచి ఏర్పాటు ఉంది. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డ కోసం మూడో రోజు నుంచి నలభై రెండో రోజు లోపల ఆరుసార్లు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. మూడో నెలలో మళ్ళీ రావాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలు ఉంటాయి. ఇన్నిసార్లు బిడ్డని ఆరోగ్య కార్యకర్తలు చూస్తారు. బరువు తూస్తారు, కార్డులో రాస్తారు. తలని పైనుంచి చూసి, మెడ రెండువైపులా తిప్పి చూడడానికి ఇంకో నిమిషం చాలు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించే బృందాలు 2013 నుంచీ ఉన్నాయి. ఆ నిమిషాన్ని వాళ్ళ కాగితంలో ఒక గడిగా చేర్చమని ఆరోగ్య శాఖవారిని ఈ రేడియో ద్వారా అడుగుతున్నాను. పైసా ఖర్చు లేని పని.

ఆ గడి వచ్చేదాకా మనమే అడగాలి. ఆరో వారం టీకాకి వెళ్ళినప్పుడు సూది అయిపోగానే లేవకండి. "మా బిడ్డ మెడ రెండువైపులా సమానంగా తిరుగుతోందా, తల పైనుంచి ఎట్టా ఉంది, ఒకసారి చూడండమ్మా" అని అడగండి. పదో వారంలోనూ, పద్నాలుగో వారంలోనూ అదే మాట మళ్ళీ అడగండి. మెడ ఒకవైపే తిరుగుతోందంటే ఆ వారంలోనే ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి. అప్పుడు చాలామందికి హెల్మెట్ అవసరమే రాదు.